గాల్లోకి ఎగిరిన కారు ఇంజిన్

రోడ్డు మీద కారు ఆగిపోతే నలుగురూ దిగి పక్కకు నెట్టుకోవచ్చు. గాల్లో ఆగితే..? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుకుతూ వందేళ్లుగా ఎందరో మెకానిక్‌లు సొంత షెడ్లలో రాత్రులు గడిపారు. కొందరు ప్రాణాలూ పోగొట్టుకున్నారు. ఇంత తాపత్రయం ఎందుకంటే.. డబ్బు. చిన్న విమానానికి కొత్త ఇంజిన్ కొనే సొమ్ముతో ఓ పెద్ద కారే ఇంటికొస్తుంది. పాత కారు ఇంజిన్ అయితే తుక్కు దుకాణంలోనూ దొరుకుతుంది. దాన్ని విప్పి, సర్ది, ముందు ప్రొపెల్లర్ బిగిస్తే ఎగరొచ్చు కదా అన్నదే ఆశ.

కుదరదన్నారు.. ఎగిరి చూపించారు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చెర్రీ గ్రోవ్ ఓ చిన్న ఊరు. బెర్నార్డ్ పీటెన్‌పోల్ అక్కడి మెకానిక్. ఇంజినీరింగ్ చదవలేదు. పని మాత్రం చేతిలో ఉంది. 1920ల్లోనే ఫోర్డ్ మోడల్-టి కారు ఇంజిన్‌తో ఎగిరే ప్రయత్నం చేశారు. దాని బలం అంతంత మాత్రమే. తర్వాత ఫోర్డ్ మోడల్-ఎ కారు వచ్చింది. 3.3 లీటర్లు, నాలుగు సిలిండర్లు, నిమిషానికి 2,200 చుట్ల దగ్గర 40 హార్స్‌పవర్. ఇది చాలనుకున్నారు. చెక్కతో, గుడ్డతో రెండు సీట్ల విమానం కట్టి 1929లో ఎగరేశారు. పేరు ఎయిర్ క్యాంపర్.

ఆ రోజుల్లోనే 'మోడ్రన్ మెకానిక్స్' పత్రిక సంపాదకుడు వెస్టీ ఫార్మర్, కారు ఇంజిన్లు విమానాలకు పనికిరావని రాశారు. పీటెన్‌పోల్ వాదనకు దిగలేదు. 1930లో స్నేహితుడితో కలిసి రెండు విమానాల్లో మినియాపొలిస్ దాకా ఎగిరి వెళ్లి చూపించారు. సంపాదకుడు మెత్తబడ్డారు. ఆ విమానం ప్లాన్లను తానే అచ్చు వేశారు. వాటిని చూసి కట్టుకునేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు!

ఆయన చేసిన మార్పులు చూస్తే ముచ్చటేస్తుంది. ఇంజిన్‌ను వెనక్కి తిప్పి, ఫ్లైవీల్ ఉండే వైపున ప్రొపెల్లర్ బిగించారు. బ్యాటరీ మీద ఆధారపడకుండా మాగ్నెటో పెట్టారు. రేడియేటర్ మాత్రం ఇంజిన్ పైన నిటారుగా నిలబడింది. ఎదురుగా ఏముందో చూడాలంటే పైలట్ మెడ పక్కకు వంచాల్సిందే.

అసలు చిక్కు ఎక్కడ?

కారు ఇంజిన్‌కు పూర్తి శక్తి రావాలంటే నిమిషానికి 5,000 నుంచి 6,000 చుట్లు తిరగాలి. ప్రొపెల్లర్ అంత వేగం ఓర్చుకోదు. 1.8 మీటర్ల ప్రొపెల్లర్ 2,700 చుట్లు తిరిగితే దాని కొస సెకనుకు సుమారు 250 మీటర్ల వేగంతో కదులుతుంది. 5,500 చుట్లు తిప్పితే 500 మీటర్లు దాటుతుంది. అంటే ధ్వని కన్నా ఎక్కువ. అప్పుడు చప్పుడే తప్ప లాగే బలం ఉండదు. అందుకే మధ్యలో వేగం తగ్గించే గేరో, బెల్టో కావాలి. అక్కడే కొత్త తంటా. ఇంజిన్ కొట్టే ఒక్కో దెబ్బకూ షాఫ్ట్ మెలి తిరిగి వదులుతూ ఉంటుంది. ఆ అదురు లెక్క కుదరకపోతే గేరు పళ్లు రాలిపోతాయి, షాఫ్ట్ విరిగిపోతుంది.

ఇంకోటీ ఉంది. ఊళ్లో తిరిగే కారు పూర్తి బలం వాడేది ఎప్పుడో ఓ క్షణం. విమానం అలా కాదు.. సాలూరు నుంచి కొరాపుట్ వైపు నిండు బరువుతో ఘాట్ ఎక్కే లారీలా గంటల తరబడి ఈడుస్తూనే ఉండాలి. వేడి ఎక్కడికి పోవాలి? పైగా విమాన ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్‌లు, వాటికి వేర్వేరు మాగ్నెటోలు. ఒకటి పోయినా రెండోది దింపుతుంది. మామూలు కారులో ఆ రెండోది లేదు.

బెంగళూరు ఎన్ఏఎల్ తయారుచేసిన హంస విమానంలోని రోటాక్స్ ఇంజిన్ కూడా 5,800 చుట్లు తిరిగేదే. గేరు ద్వారానే ప్రొపెల్లర్ తిప్పుతుంది. కాకపోతే అది పుట్టిందే విమానం కోసం. రెండేసి ప్లగ్‌లూ ఉన్నాయి. తేడా అంతా అక్కడే.

బీటిల్ చలవ

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఐరోపా ఔత్సాహికులకు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వరంలా దొరికింది. గాలితోనే చల్లబడే ఇంజిన్. రేడియేటర్, నీళ్ల బరువు లేవు. చిన్న ప్రొపెల్లర్ పెట్టి గేరు లేకుండానే తిప్పేశారు. ఫ్రాన్స్‌లో పుట్టిన డ్రూయిన్ టర్బులెంట్ అనే ఒక సీటు విమానం దీనితోనే ఎగిరింది. బ్రిటన్ ప్రిన్స్ ఫిలిప్ కూడా దాన్ని నడిపారు. పీటెన్‌పోల్ సైతం 1960ల్లో గాలితో చల్లబడే షెవ్రొలే కోర్వేర్ ఇంజిన్‌కు మారారు. అయితే కోర్వేర్‌లో క్రాంక్‌షాఫ్ట్‌లు విరగడం మొదలైంది. ప్రొపెల్లర్ భారం మోయడానికి ముందువైపు మరో బేరింగ్ చేర్చుకోవాల్సి వచ్చింది. కారులో ఎన్నడూ బయటపడని లోపం గాల్లో బయటపడింది మరి.

బ్యాటరీ ఎంత పని చేసింది!

షెడ్డు మెకానిక్‌లే కాదు, పెద్ద కంపెనీలూ ఈ దారి పట్టాయి. జర్మనీకి చెందిన తీలెర్ట్ సంస్థ మెర్సిడెస్ ఎ-క్లాస్ కారు డీజిల్ ఇంజిన్‌ను విమానానికి మలిచి, 2002లో అధికారిక ధ్రువీకరణ తెచ్చుకుంది. అంతా కంప్యూటర్ అదుపులోనే.

2007 మార్చిలో జర్మనీలోని స్పేయర్‌లో ఇలాంటి రెండు ఇంజిన్ల డీఏ-42 విమానం బయల్దేరబోయింది. బ్యాటరీ డౌన్ అయి ఉండటంతో బయటి కరెంటుతో స్టార్ట్ చేశారు. నేల విడిచాక చక్రాలు లోపలికి లాగే మోటారు ఒక్కసారిగా కరెంటు గుంజింది. వోల్టేజీ పడిపోయింది. కంప్యూటర్లు రెండూ ఒకేసారి తడబడ్డాయి, ఇంజిన్లు రెండూ ఆగాయి. విమానం పొట్ట మీద దిగింది. అదృష్టం.. లోపలివాళ్లు బతికారు. ఆ తర్వాత కంప్యూటర్లకు విడిగా బ్యాటరీలు అమర్చారు. రెండు ఇంజిన్లున్నా రెండింటికీ ఆధారం ఒక్కటే అయితే ధీమా ఏముంటుంది?

తీలెర్ట్ 2008లో దివాలా తీసింది. 2009 నుంచి ఆస్ట్రో సంస్థ మెర్సిడెస్‌దే మరో డీజిల్ ఇంజిన్‌ను ఆధారం చేసుకుని డీఏ-42లకు ఇచ్చింది. మహారాష్ట్రలోని గోందియా పైలట్ల శిక్షణ కేంద్రంలోనూ ఈ రకం విమానాలు వాడారు.

కోలారు దగ్గరా ఎగిరింది

మన దేశంలో ఇంట్లో కట్టిన విమానమైనా సరే, డీజీసీఏ అనుమతి లేకుండా ఎగరేయడం నేరం. పాత కారు ఇంజిన్‌తో విమానం చేశాననే కుర్రాళ్ల వార్తలు వస్తుంటాయి కానీ, చాలావరకు నేల మీదే ఆగుతున్నాయి. ఆగడమే మేలు కూడా.

సైన్యం వాహనాలపై పరిశోధన చేసే అహ్మద్‌నగర్ వీఆర్డీఈ మాత్రం ఎన్ఏఎల్, ఏడీఈలతో కలిసి 55 హార్స్‌పవర్ వాంకెల్ ఇంజిన్ తయారుచేసింది. మాజ్దా కార్లతో పేరుపడిన రోటరీ పద్ధతే ఇది. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకోవు, రోటరే తిరుగుతుంది కాబట్టి అదురు తక్కువ. 2009లో కోలారు దగ్గర నిశాంత్ విమానం ఈ ఇంజిన్‌తో ఎగిరింది. నిశాంత్‌లో పైలట్ ఉండడు. దిగేది పారాచూట్‌తోనే.