పశువుల కొట్టంలో నుంచి లేచిన హెరాల్డ్ కారు

చొప్పదండి: ఆదివారం పొద్దున బస్టాండు వెనుక సందులోకి వెళ్ళేవారికి సుత్తి దెబ్బల చప్పుడు వినబడుతుంది. బోరు మోటార్లు రీవైండింగ్ చేసే ఒక రేకుల షెడ్డు ముందు మొసలి నోరు తెరిచినట్టు ముందుభాగమంతా పైకి లేపిన పాత కారు ఒకటి నిలబడి ఉంటుంది. దాని చుట్టూ నలుగురైదుగురు వంగి ఉంటారు. ఒకరు గంగాధర నుంచి, ఒకరు జగిత్యాల నుంచి, ఒకరు ఏకంగా హైదరాబాదు నుంచి వస్తారు. ఎవరికీ కూలి లేదు. మధ్యాహ్నం అన్నం మాత్రం ఆ ఇంట్లోనే.

ఆ కారు పేరు స్టాండర్డ్ హెరాల్డ్. నడివయసు దాటినవారికి గుర్తుండే ఉంటుంది. అంబాసిడర్, ఫియట్ కార్ల కోసం జనం ఏళ్ళ తరబడి వరుసలో కాచుకున్న రోజుల్లో మూడోదిగా రోడ్ల మీద కనబడిన చిన్న కారు అది. మద్రాసు శివారు వండలూరు సమీపంలో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారు 1961 నుంచి 1971 వరకు దానిని తయారుచేశారు. 1988లో ఆ కంపెనీ కార్ల తయారీయే ఆగిపోయింది. కనుక ఈనాడు ఏ షోరూముకు పోయి అడిగినా దీని సామాను దొరకదు.

ఈ కారు యజమాని మోటారు రీవైండింగ్ చేసుకునే యువకుడు. తన పేరు పత్రికలో రావడం ఇష్టం లేదన్నాడు. "బండి పేరు రాయండి సార్, అది చాలు" అన్నాడు.

బాపు కొన్న బండి

1966లో రిజిస్టరైన ఈ కారును అతని తండ్రి 1979లో కరీంనగరంలోని ఒక డాక్టరు వద్ద తొమ్మిది వేలకు కొన్నారట. అప్పుడు ఆ వాడలో ఉన్న కారు అదొక్కటే. పురుడు నొప్పులు వచ్చినా, పాము కరిచినా, పెండ్లికొడుకును ఎదురుకోలుకు తేవాలన్నా ఆ కారే కదిలేది. కొండగట్టు, వేములవాడ, ధర్మపురి తిరగని జాతర లేదు. పాతిక అడుగుల జాగాలో గిర్రున తిరగడం ఈ కారు ప్రత్యేకత. ఇరుకు సందుల్లో కూడా ఆయన వెనక్కు తీయకుండా మలిపేవారని పక్కింటి వృద్ధుడు ఒకరు చెప్పారు.

తొంభైల నడుమ సామాను దొరకక కారు ఆగింది. పశువుల కొట్టంలో చేరింది. కోళ్ళు వెనుక సీట్లో గుడ్లు పెట్టాయి. ఎలుకలు వైర్లను కొరికి తిన్నాయి. 2016లో తండ్రి కాలం చేశాక పాత సామాన్ల బేరగాడు వచ్చి పద్దెనిమిది వేలిస్తానన్నాడు. తల్లి ఆ రోజు పైకం కూడా లెక్కపెట్టించుకుని, చివరకు తిరిగి ఇచ్చేసింది. ఎందుకని ఈ విలేకరి అడిగితే, "తాడు కట్టి గుంజుతుంటే పీనుగును తీసుకపోయినట్టే కొట్టింది బిడ్డా" అన్నది.

అటు తరువాత మూడేళ్ళకు, 2019లో, కొడుకు పని మొదలుపెట్టాడు.

ఇంజను పట్టేసి ఉంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో డీజిలు, బ్రేకు ఆయిలు కలిపి పోసి పది రోజులు వదిలేశారు. పదకొండో నాడు ఫ్యాను పట్టి అటు ఇటు ఊపితే కొద్దిగా కదిలింది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదంటాడు. కరీంనగరంలో లేత్ మీద బోరు చేయించారు. పిస్టన్లు మద్రాసులో పాత సరుకు అమ్మే చోట దొరికాయి. కరీంనగరం ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరైన మెకానిక్ ఒకరు ఇంజను కూర్చారు. సీట్లు గంగాధర టైలరు కుట్టాడు. ముందువైపు ఉండే పేరు అక్షరాలు ఎప్పుడో ఊడిపోతే, వెండి తీగపని నేర్చిన ఒక పనివాడు ఇత్తడి రేకులో కోసి ఇచ్చాడు. కరీంనగరం తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరికీ తెలుసు. ఆ చేతులు కారు అక్షరాలు కూడా కోయగలవని ఇప్పుడు తెలిసింది.

స్పోర్ట్స్ కారు చేద్దామన్నారు

అసలు తగవు ఇక్కడే వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చే మిత్రుడికి స్పోర్ట్స్ కార్ల పిచ్చి. హెరాల్డ్‌ను చూడగానే అతను, "దీని లోపల స్పిట్‌ఫైర్ ఉన్నది" అన్నాడట. ఆ మాట ఉత్తది కాదు. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో హెరాల్డ్‌ను విడుదల చేసింది. ఇటలీకి చెందిన మికెలోటి దాని రూపం గీశారు. అదే హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టిగా చేసి, అదే మికెలోటి చేత వేరే బాడీ గీయించి, 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు. మన హెరాల్డ్ ఇంజను 948 సీసీ, శక్తి సుమారు 35 గుర్రాలు. స్పిట్‌ఫైర్‌కు 1147 సీసీ, రెండు కార్బురేటర్లు, 63 గుర్రాలు.

పైగా హెరాల్డ్ బాడీ ఇప్పటి కార్ల మాదిరిగా ఒకే ముద్ద కాదు. ఛాసిస్ వేరు, పైనున్న రేకు భాగాలు వేరు. కప్పు కూడా బోల్టులతో బిగించిందే. బోల్టులు విప్పితే కప్పు చేతికి వస్తుంది. ఇంగ్లండులో చాలామంది అలాగే విప్పి, గుడ్డ టాపు వేసుకుని తిరుగుతుంటారు. హైదరాబాదు మిత్రుడు రెండు కార్బురేటర్లు సంచిలో వేసుకుని మరీ వచ్చాడు. కప్పు తీద్దాం, వెనుక సీటు పీకేద్దాం, ఎర్ర రంగు వేద్దాం అన్నాడు. యువకుడికీ మనసు లాగింది. డిపో మెకానిక్ మాత్రం పానా కింద పెట్టి, "అట్లయితే నేను రాను" అన్నారు.

తల్లికి సంగతి తెలిసింది. "మీ బాపు ఎండకు తలకు రుమాలు కట్టుకునేటోడు. ఆయన బండికి కప్పు తీస్తవా?" అని అడిగింది. ఆ పూట పని సాగలేదు.

రెండు దారులూ మన హైదరాబాదులోనే చూడవచ్చు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానికి ఆర్డరు ఇచ్చి, కారు రాకముందే 1911లో కన్నుమూశారు. వెనుక సింహాసనం వంటి సీటు ఉన్న ఆ కారును పాత రూపంలోనే నిలిపారు. బహదూర్‌పురాలో 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో ఇందుకు పూర్తిగా ఎదురు. సుధాకర్ అనే ఆయన పాత ఇనుముతో క్రికెట్ బ్యాటు, వంకాయ ఆకారాల్లో నడిచే కార్లు చేశారు. 2005లో అతిపెద్ద మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్ పుస్తకంలోకెక్కారు. రెండూ చూడదగినవే. అయితే అవి ప్రదర్శనకు పెట్టినవి. రోడ్డెక్కే బండికి మాత్రం చట్టం అడ్డు వస్తుంది.

గ్రీజా, ఆయిలా?

తగవు తెగకముందే ఒక గండం బయటపడింది. స్పోర్ట్స్ కారు చేయాలంటే స్పిట్‌ఫైర్ సామాను కావాలి కదా అని హైదరాబాదు మిత్రుడు మద్రాసులో హెరాల్డులు నడిపే ఒక పెద్దమనిషికి ఫోన్ చేశాడు. ఆయన కార్బురేటర్ల మాట వినకుండా, "ముందు చక్రాల కింది కీలులో ఏం వేశారు? గ్రీజా, ఆయిలా?" అని అడిగారు. గ్రీజే అన్నారు వీరు. గ్రీజు గన్నుతో నిండుగా కొట్టామని గర్వంగా చెప్పారు కూడా. "బండి కదపకండి, విప్పి చూడండి" అన్నారాయన.

సంగతేమంటే, హెరాల్డ్ ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ అడుగున మరచుట్లు ఉంటాయి. అది కంచు గుండులోకి మరలాగా దిగుతుంది. దానిని ట్రనియన్ అంటారు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మరచుట్ల మీదే చక్రం తిరుగుతుంది. అక్కడికి గేర్ ఆయిల్ పోయాలి. చిక్కటి గ్రీజు చుట్ల లోపలికి సరిగా దిగదు. పొడిగా ఉన్న చోట నీరు చేరి ఉక్కు తుప్పు పడుతుంది. ఒకనాడు కడ్డీ పుటుక్కున తెగి, నడుస్తున్న కారు చక్రం పక్కకు ఒరిగిపోతుంది. మనవైపు మెకానిక్కులు అన్ని కార్లకు కొట్టినట్టే దీనికీ గ్రీజు కొట్టడం మామూలు. అది వారి తప్పూ కాదు. చెప్పినవారు ఎవరు?

విప్పారు. కుడిపక్క కడ్డీ బాగానే ఉంది. ఎడమపక్క కడ్డీ మరచుట్ల దగ్గర చుట్టూ ఎర్రటి తుప్పు గీత పడి, సగానికి పైగా తినేసి ఉంది. డిపో మెకానిక్ దానిని వైసులో బిగించి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే రెండు ముక్కలైంది. మరుసటి ఆదివారం కాలువ వంతెన మీదుగా కరీంనగరం దాకా నడిపి చూడాలని, తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టాలని వారు అనుకుని ఉన్నారు. ఆ ముక్కలు ఇప్పటికీ షెడ్డులో మేకుకు వేలాడుతున్నాయి.

కొత్త కడ్డీలు, ట్రనియన్లు ఇంగ్లండు నుంచి తెప్పించారు. స్పిట్‌ఫైర్ ప్రియులు వేలల్లో ఉన్నందున ఆ సామాను అక్కడ ఇంకా తయారవుతున్నది. తమ్ముడి పుణ్యాన అన్న బతికాడన్నమాట! పెట్రోలు గొట్టాలు కూడా మార్చారు. ఇప్పటి పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరిచి పాడుచేస్తుంది. 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు నిలిచిపోయింది కనుక, సీసాన్ని నమ్ముకుని చేసిన పాత వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయని, హెడ్‌లో గట్టి సీట్లు వేయించారు. బ్యాటరీ విషయంలోనూ జాగ్రత్త పడ్డారు. పాత బ్రిటిష్ పద్ధతి కార్లు చాలావాటిలో పాజిటివ్ కొసను బాడీకి తగిలిస్తారు. అలవాటు కొద్దీ తిప్పి పెడితే సామాను కాలిపోతుంది.

కాగితాల సంగతి

కప్పు తగవును చివరకు తేల్చింది చట్టమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పుస్తకంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నంగా మారేట్టు బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. ఇక 2021 జులైలో కేంద్రం పాతకాలపు బండ్లకు వేరే నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని 'వింటేజ్'గా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు ఇరవై వేలు, పదేళ్ళ గడువు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చితే ఆ అవకాశం పోతుంది. కప్పు తీసిన హెరాల్డ్ ఎంత అందంగా ఉన్నా, కాగితం మీద అది ఏ కారూ కాదు.

వింటేజ్ నమోదులోనూ ఒక చిక్కుంది. ఆ బండిని రోజువారీ పనులకు, కిరాయికి వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కించాలి. "అవ్వను అంగడికి తీసుకపోతే అది ర్యాలీ కిందికి వస్తదా సార్?" అని యువకుడు అడిగాడు. ఈ విలేకరి దగ్గర జవాబు లేదు.

ఆర్సీ పుస్తకం తండ్రి పేరు మీదనే ఉంది. తల్లి దానిని పెండ్లి చీర మడతలో దాచింది కనుక చెదలు పట్టలేదు. ముందు వారసుని పేరుకు మార్పించాలి, తరువాత నమోదు. ఆ పనులు నడుస్తున్నాయి.

హైదరాబాదు మిత్రుడు అలిగి మానేస్తాడనుకున్నారు. రెండు నెలలు రాలేదు కూడా. తరువాత ఒక ఆదివారం బస్సు దిగి, ఏమీ అనకుండా చేతులు పైకి మడిచి పనిలో దిగాడు. అతని రెండు కార్బురేటర్లు రేకు డబ్బాలో పెట్టి అటక మీద ఉంచారు. డిపో మెకానిక్ ఇప్పుడు అతనికే గేరుబాక్సు పని నేర్పుతున్నారు.

రంగు పాతదే వేశారు, లేత నీలం. ఈ విలేకరి వెళ్ళిన రోజు ఇంజను స్టార్టు చేసి చూపించారు. తొలిసారి అందుకోలేదు. రెండోసారి దగ్గి, పొగ కక్కి, మెల్లగా గుర్రుమంది. సందులో పిల్లలు పరుగున వచ్చారు. తల్లి గడపలో నిలబడి చూసింది గాని దగ్గరకు రాలేదు. కాగితాలు అయినాకనే ఎక్కుతానన్నది.

ఇప్పుడు ఎడమవైపు వెనుక లైటు అద్దం, ముందు అద్దం చుట్టూ వచ్చే రబ్బరు పట్టీ దొరకవలసి ఉన్నాయి. జిల్లాలో ఎవరి కొట్టంలోనైనా, బావి మోటారు గదిలోనైనా పాత హెరాల్డ్ సామాను పడి ఉంటే, పాత ఇనుముకు వేయకముందు చొప్పదండి బస్టాండు వెనుక షెడ్డులో ఒక మాట చెప్పమని ఆ మిత్రులు కోరుతున్నారు. ఆదివారమైతే అందరూ అక్కడే ఉంటారు.