పాత తూటాల డబ్బాలు, తుపాకీ క్యాలెండర్లు: ఏది దాచుకోవచ్చు? ఏది అప్పగించాలి?

పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పాత ఇళ్లు విప్పేటప్పుడు అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. ఒకప్పుడు లైసెన్స్ తుపాకీ ఉన్న ఇల్లయితే తూటాల అట్టపెట్టెలు, కంపెనీ క్యాలెండర్లు, ధరల పుస్తకాలు, ఇనుప రేకు బోర్డులు కూడా బయటపడొచ్చు. చిత్తు కాగితాలవాడికి వేసే ముందు ఒకసారి ఆగండి. వీటిని వెతికి మరీ కొనేవాళ్లు ఉన్నారు.

అమెరికాలో వించెస్టర్, రెమింగ్టన్ కంపెనీలు వందేళ్ల కిందటే మంచి చిత్రకారులతో వేట బొమ్మలు వేయించి క్యాలెండర్లు పంచాయి. ఇప్పుడు సేకరించేవాళ్లకి కావాల్సింది తుపాకీ కాదు, ఆ బొమ్మ, ఆ అచ్చు.

మన దేశంలో 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్స్ లేనిదే తుపాకీ లేదు. కొనేవాళ్లు జమీందార్లు, అధికారులు, పెద్ద రైతులే. అందుకే ఇక్కడి ప్రకటనలూ తక్కువే. గుంటూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మద్రాసు మౌంట్ రోడ్డులో గడియారాలకి పేరుపడ్డ పి. ఓర్ అండ్ సన్స్ తుపాకులూ అమ్మేది. కలకత్తాలో రోడ్డా కంపెనీ ఉండేది. 1914 ఆగస్టు 26న ఆ కంపెనీ సరుకులోంచే బెంగాల్ విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లు, 46 వేల తూటాలు ఎత్తుకుపోయారు. అలాంటి దుకాణం బిల్లు ఒక్కటి దొరికినా అది చరిత్రే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక షికారుకి గట్టి కట్టడి వచ్చింది.

వయసు ఎలా తెలుస్తుంది? ఈలీ, కైనాక్ డబ్బా మీద ఐసీఐ గుర్తు ఉంటే అది 1926 తర్వాతిది. ఆ కంపెనీ పుట్టిందే అప్పుడు. శక్తిమాన్ అని ఉంటే మన ఖడ్కీ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీది. క్యాలెండర్ మీద యూవీ టార్చి వేసి చూడండి. కాగితం నీలి తెలుపులో మెరిస్తే అది సాధారణంగా 1950 తర్వాతి కాగితం, అంటే పాత బొమ్మకి కొత్త అచ్చు కావచ్చు.

ఇక అసలు సంగతి. కాగితం, బోర్డు, ఖాళీ అట్టపెట్టె ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. కానీ పెట్టెలో ఒక్క పేలని తూటా ఉన్నా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కావాలి. అది దాదాగారిదైనా, నానాగారిదైనా, ఆయన లైసెన్స్ మనకి పనికిరాదు. పాత సూట్‌కేసు మూలలో మిగిలిపోయిన తూటా ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో బయటపడి కేసులైన వార్తలు చూస్తూనే ఉన్నాం. ఉమ్రాకో, గల్ఫ్‌కో పాత పెట్టె తీస్తుంటే లోపలి గుడ్డ, జేబులు అన్నీ తడిమి చూడండి.

తూటా కనిపిస్తే విప్పొద్దు, కొట్టొద్దు, ఎండలో పెట్టొద్దు. పిల్లల్ని దూరంగా ఉంచి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి ముందు ఫోన్ చేసి చెప్పండి. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. రసీదు తీసుకోండి. తూటా భాగాలు కూడా చట్టంలో తూటా కిందికే వస్తాయి. వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకి మినహాయింపు ఉన్నా, పేలిన ఖాళీ గొట్టాలు కూడా చూపించేస్తే నిశ్చింత. పులిగోళ్లు, చిరుత చర్మం లాంటివి దొరికితే అమ్మొద్దు, అటవీ శాఖకి చెప్పండి.

ఇంకో మాట. చారిత్రక విలువ ఉండి వందేళ్లు దాటిన వస్తువుని విదేశాలకి పంపడం 1972 పురావస్తు చట్టం ప్రకారం కుదరదు. ఆన్‌లైన్‌లో విదేశీ కొనుగోలుదారు మంచి ధర ఇస్తానన్నా తొందరపడొద్దు.

దాచుకునే కాగితాన్ని లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి. మంచి కాటన్ గుడ్డలో చుట్టి తేమ తగలని చోట పెట్టండి. అది ఎవరిది, ఎక్కడ కొన్నారు అన్నది ఇంట్లో పెద్దల్ని ఇప్పుడే అడిగి వేరే కాగితం మీద రాసి జతచేయండి. పెద్దలు వెళ్లిపోయాక ఆ వివరం ఏ డబ్బా మీదా దొరకదు.