లక్షన్నరలో మాయాలోకం!

నాన్న జేబులో చీటీ పాడిన డబ్బు... లక్షన్నర. కూతురి చేతిలో నాలుగుసార్లు కొట్టేసి రాసుకున్న చీటీ. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కారో లేదో, 'రండి సార్... ఏం చూపించమంటారు? గేమింగా, ఎడిటింగా?' అంటూ షాపు కుర్రాడు ఎదురొస్తాడు. 'రెండూ కాదన్నా... వీఆర్. వాడటానికే కాదు, తయారుచేయడానికి కూడా' అంటుంది అమ్మాయి. కుర్రాడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. 'అయితే ఉన్నవాటిలో పెద్ద ప్రాసెసర్ వేసేద్దాం సార్, తిరుగుండదు' అంటాడు. నాన్న తలూపేస్తాడు.

బోల్తా పడేది సరిగ్గా అక్కడే!

చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనైనా, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనైనా జరిగేది ఇదే. ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్న పిల్లలు యూనిటీ, అన్‌రియల్ ఇంజిన్ లాంటి సాఫ్ట్‌వేర్లు నేర్చుకుని వర్చువల్ రియాలిటీ ప్రాజెక్టు చేస్తామంటున్నారు. ఆటలే కాదు... ఆసుపత్రుల్లో శిక్షణకూ, కట్టబోయే ఇంట్లో ముందే తిరిగి చూడ్డానికీ పనికొచ్చే విద్య ఇది. కాబట్టి అడుగుతున్నది బొమ్మ కాదు, పనిముట్టు. కాకపోతే ఆ పనిముట్టుకి లక్షన్నర పెట్టాక కళ్లు తిరిగి వాంతి వచ్చేట్టుంటే? ఇది మాటవరసకు అన్నది కాదు, అక్షరాలా జరిగేదే!

కంటికీ చెవికీ గొడవ

కళ్లజోడులా తలకు తగిలించుకునే హెడ్‌సెట్‌లో బొమ్మ సెకనుకు 90 సార్లు మారాలి. అంటే ఒక్కో బొమ్మను గీయడానికి కంప్యూటర్‌కు దొరికే సమయం 11 మిల్లీసెకన్లు మాత్రమే. మనం తల తిప్పినా బొమ్మ తిరగడం ఒక్క పిసరు ఆలస్యమైందనుకోండి... 'తల తిరిగింది' అని లోపలి చెవి చెబుతుంది, 'లేదే, ఏమీ కదల్లేదు' అని కన్ను చెబుతుంది. ఎవర్ని నమ్మాలో తెలియక మెదడు కంగారు పడుతుంది. ఘాట్ రోడ్డులో బస్సెక్కిన వాళ్లకు వచ్చే వికారమే ఇంట్లో కుర్చీలో కూర్చున్నా వస్తుంది. మామూలు ఆటలో బొమ్మ ఆగి ఆగి వస్తే చిరాకు పుడుతుంది. ఇక్కడ ఒళ్లే బాగోదు.

పైగా చిన్న లెక్క ఒకటుంది. ఇళ్లల్లో ఉండే ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో చుక్కలు దాదాపు 20.7 లక్షలు. 2023లో వచ్చిన మెటా క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌లో ఒక్కో కంటికి 2064×2208, రెండు కళ్లకూ కలిపి 91 లక్షలు పైనే. ఫోర్‌కే టీవీ కన్నా ఎక్కువ! వాటిని సెకనుకు 90 సార్లు నింపాలి. 2016లో ఆక్యులస్ రిఫ్ట్ మొదటిసారి అమ్మకానికి వచ్చినప్పుడు కంటికి 1080×1200 చుక్కలే. అప్పటికి జీటీఎక్స్ 970 కార్డు, 8 జీబీ ర్యామ్ ఉంటే చాలన్నారు. ఆ చీటీ పట్టుకుని ఇప్పుడు బజారుకెళితే పని జరగదు.

ఒకే పేరు... రెండు కార్డులు

ఈ భారమంతా మోసేది ప్రాసెసర్ కాదు, గ్రాఫిక్స్ కార్డు. అందుకే బడ్జెట్‌లో మూడో వంతు దానికే పక్కన పెట్టేయాలి. అంతకు కాస్త మించినా బాధ లేదు. మధ్యతరగతి బడ్జెట్‌కు అందేవాటిలో 2025లో వచ్చిన ఎన్వీడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ చెప్పుకోదగ్గవి. అయితే ఓ తిరకాసుంది. ఈ రెండూ 8 జీబీ, 16 జీబీ... రెండు రకాల మెమరీతో, ఒకే పేరుతో అమ్ముతారు. పెట్టె మీద పేరు చూసి తెచ్చుకుంటే 8 జీబీది ఇంటికి రావచ్చు. ఆటలాడే వాళ్లకు అది సరిపోతుందేమోగానీ తయారుచేసే వాళ్లకు చాలదు. అవతల అన్‌రియల్ ఎడిటర్ తెరిచి ఉంటుంది, ఇవతల హెడ్‌సెట్‌లో బొమ్మ నడుస్తుంటుంది. ఇద్దరికీ వడ్డించాల్సింది ఆ ఒక్క గిన్నెలోంచే. బిల్లు మీద '16 జీబీ' అని రాయించుకోవడం మంచిది.

రెండింట్లో ఏది? ఒక్క వీఆర్ కోసమే అయితే ఏది చవగ్గా దొరికితే అది. బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలు చేయాలన్నా, తర్వాత్తర్వాత ఏఐ వైపు చేయి పెట్టాలన్నా ఎన్వీడియానే నయం. ఆ రంగాల్లోని సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా దాని 'కుడా' పద్ధతికే అలవాటు పడ్డాయి.

సెకండ్ హ్యాండ్ కార్డు సగం ధరకే వస్తోందని స్నేహితులు ఊరిస్తారు. 2022 సెప్టెంబరులో ఇథీరియం గ్రాఫిక్స్ కార్డుల మైనింగ్‌కు స్వస్తి చెప్పాక, రాత్రింబవళ్లు నలిగిన కార్డులు కుప్పలుగా బజార్లోకి వచ్చాయి. వారంటీ మిగిలి ఉండి, కళ్లముందు అరగంట నడిపి చూపిస్తే తప్ప వాటి జోలికి వెళ్లకపోవడమే మేలు. అమెరికాలో ఉన్న అన్నయ్యతో తెప్పించుకునే వాళ్లదీ ఇంచుమించు ఇదే కథ. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కొనకముందే ఆ కంపెనీని అడగాలి.

మరి ప్రాసెసర్? షాపు కుర్రాడి మాట పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. ప్రోగ్రామ్ కంపైల్ చేసేటప్పుడు, అన్‌రియల్‌లో షేడర్లు తయారయ్యేటప్పుడు ఉన్న కోర్లన్నీ పనిలోకి దిగుతాయి. ఆరు కోర్ల రైజెన్ 5 7600తో హాయిగా మొదలుపెట్టొచ్చు. కార్డు కొన్నాక డబ్బు మిగిలితే ఎనిమిది కోర్ల రైజెన్ 7 7700. అంతకుమించి ఎక్కితే ఆ ఖర్చు కార్డు నోటి దగ్గరి కూడు లాగేసినట్టే. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4కు 2017లో తొలి రైజెన్లు వస్తే, 2024లో కూడా కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. 2022లో మొదలైన ఏఎం5నూ అలాగే కొన్నేళ్లు నడుపుతామని కంపెనీ చెప్పింది. అందుకని మూడు నాలుగేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది.

ఇంతకీ చేయబోయే పనేంటి?

డబ్బు తీసే ముందు నాన్నలు అడగాల్సిన ప్రశ్న ఇదే. చాలామందికి తట్టదు. క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్లలో సెల్‌ఫోన్‌లో ఉన్నట్టే లోపలే ఓ స్నాప్‌డ్రాగన్ చిప్ ఉంటుంది. దాని కోసం చేసే యాప్‌లు చివరికి నడిచేది ఆ చిప్ మీదే. కంప్యూటర్ పని వాటిని తయారుచేసి పంపడం వరకే. అలాంటప్పుడు కార్డు కాస్త తగ్గినా ర్యామ్, ప్రాసెసర్ గట్టిగా ఉండాలి. కంప్యూటర్ మీదే నడిచే భారీ వీఆర్ చేయాలంటే లెక్క తిరగబడుతుంది, కార్డే రాజు. రెండూ కాస్త కాస్త నేర్చుకునే విద్యార్థికి పైన చెప్పిన మధ్యేమార్గం సరిపోతుంది.

ర్యామ్ 32 జీబీకి తగ్గకూడదు. అదీ ఒక్కటే 32 కాకుండా 16 జీబీవి రెండు. జంటగా వేస్తేనే వేగం. ఇక్కడే చిన్న దెబ్బ తగిలింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. ఇళ్లల్లో వాడే 'క్రూషియల్' మెమరీ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు మైక్రాన్ కంపెనీ ఆ డిసెంబరులో ప్రకటించింది. అంతకుముందు వేసుకున్న బడ్జెట్లన్నీ తలకిందులయ్యాయి. పాత కొటేషన్ చూసుకుని బజారుకెళ్లొద్దు. డబ్బు చాలకపోతే క్యాబినెట్‌లో రంగురంగుల లైట్లు తగ్గించండి, ర్యామ్ తగ్గించొద్దు.

హార్డ్ డిస్కు పాతది ఉంటే బ్యాకప్‌కు పనికొస్తుంది. ప్రాజెక్టు ఉండాల్సింది మాత్రం 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ మీదే. యూనిటీ ప్రాజెక్టులో వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లుంటాయి. మామూలు డిస్కు మీద అది తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. మదర్‌బోర్డుకు ఇంకో ఎస్‌ఎస్‌డీ పట్టే చోటు, వెనక యూఎస్‌బీ-సి రంధ్రం ఉంటే చాలు.

కరెంటు పోతే...

మన ఊళ్లలో ఈ ముచ్చట చెప్పకపోతే ఎలా! ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు చేసేవాళ్లు ఎక్కువ. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌కు మిగతా సామానంతా అప్పగించడమంటే పెళ్లి నగలన్నీ తాళం లేని బీరువాలో పెట్టినట్టే. '80 ప్లస్' ముద్ర ఉన్న 650 వాట్లది పేరున్న కంపెనీదే తీసుకోవాలి. ఇంట్లో పాత 600 వీఏ యూపీఎస్ ఉంది కదా అనుకుంటారు. దాని సత్తా మామూలుగా 360 వాట్ల దాకానే. కార్డు ఒక్కటే 180 వాట్లు తాగుతుంది. ప్రాసెసర్, మానిటర్, ఫ్యాన్లు కలిశాక సరిగ్గా పని మీద ఉన్నప్పుడే కరెంటు పోయిందంటే... 'కీ'మని అరిచి ఆగిపోవచ్చు. 1100 వీఏది కావాలి. మే నెల ఎండల్ని తట్టుకోవడానికి క్యాబినెట్ ముందుభాగం అద్దంతో మూసేసి ఉండకుండా, దుమ్ము ఆపే జాలీ ఉన్నది చూసుకోవాలి.

'ఇదంతా ఎందుకే, ల్యాప్‌టాప్ కొనుక్కుంటే పోలా?' అంటుంది అమ్మ. హాస్టల్లో ఉండేవాళ్లకు వేరే దారి లేదు. కానీ ల్యాప్‌టాప్‌లోని కార్డుకు పేరు ఒకటే అయినా బలం తక్కువ. తర్వాత మార్చుకోవడానికీ కుదరదు. ఇంట్లో ఉండి చదువుకునే పిల్లకు డెస్క్‌టాపే లాభం. మ్యాక్ సంగతి వేరే చెప్పక్కర్లేదు... క్వెస్ట్‌ను కంప్యూటర్‌కు కలిపే లింక్ సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఉంది.

హెడ్‌సెట్ దగ్గరా ఓ హెచ్చరిక. సెకండ్ హ్యాండ్‌లో 'విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ' రకం చాలా చవగ్గా కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్ 2023 డిసెంబరులో దాన్ని ఆపేస్తున్నట్టు చెప్పి, 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2లోంచి తీసేసింది. మూడు నాలుగేళ్ల కిందట వేలు పోసి కొన్న మంచి హెడ్‌సెట్లు అలా మూలన పడ్డాయి. ఇక క్వెస్ట్‌ను వైర్ లేకుండా వాడాలంటే కంప్యూటర్ నుంచి రౌటర్‌కు మాత్రం ల్యాన్ వైరు లాగాలి. రౌటర్ హాల్లో, కంప్యూటర్ బెడ్‌రూంలో ఉంటే ఆ వైరు ఖర్చూ చీటీలో రాసుకోవాల్సిందే.

అన్నీ కొన్నాక షాపులోనే బిగిస్తారు. అక్కడ్నుంచి కదలొద్దు. ర్యామ్‌లు ప్రాసెసర్ పక్క నుంచి రెండు, నాలుగు గడుల్లో పడ్డాయా? బయాస్‌లో 'ఎక్స్‌పో' ఆన్ చేశారా? చేయకపోతే కొన్న వేగం రాదు. కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ కాగితం తీశారా? జీఎస్‌టీ బిల్లులో ప్రతి భాగం సీరియల్ నంబరు ఉందా? అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇంటికొచ్చాక ఆ రాత్రి అందరూ చుట్టూ చేరతారు. బొమ్మ ఆగి ఆగి వస్తుంది. అమ్మాయి మొహం వాడిపోతుంది, నాన్న షాపుకు ఫోన్ అందుకుంటాడు. ఒక్క నిమిషం ఆగి వెనక్కి వంగి చూడాలి. మానిటర్ వైరు కింద ఉన్న గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా, పైన మదర్‌బోర్డుకు గుచ్చేసి ఉంటుంది!