సూర్యుని మచ్చ ఎంత పెద్దది?

బాలలూ! చంద్రునిలో మచ్చ ఉన్నదని మీ అందరికీ తెలుసు. సూర్యునిలోనూ మచ్చలున్నాయి! సూర్యుని ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. కొన్నిచోట్ల బలమైన అయస్కాంత శక్తి లోపలి వేడిని పైకి రానివ్వదు. అక్కడ వేడి తగ్గి, నల్లని మచ్చగా కనిపిస్తుంది.

ఈ మచ్చను జుక్కల్‌లోని మీ పాఠశాల ఆవరణలోనే కొలవవచ్చు. కాని జాగ్రత్త! సూర్యుని నేరుగా గాని, దూరదర్శిని గుండా గాని చూడరాదు. క్షణంలో చూపు పోతుంది. మీ సైన్సు మాస్టారు చిన్న దూరదర్శినిని సూర్యుని వైపు త్రిప్పి, వెనుక తెల్లకాగితం పట్టుకుంటే బింబం దానిపై పడుతుంది. కాగితాన్ని జరిపి, బింబం అడ్డుకొలత 14 సెంటీమీటర్లు ఉండేటట్లు చేయించండి. సూర్యుని వ్యాసం సుమారు 14 లక్షల కిలోమీటర్లు. అంటే కాగితంపై ఒక మిల్లీమీటరు 10 వేల కిలోమీటర్లన్నమాట! మచ్చ 3 మిల్లీమీటర్లుంటే, రెండు భూములు ప్రక్కప్రక్కన అందులో పడతాయి.

ఒక చిక్కున్నది. బంతిపై బొట్టు పెట్టి మెల్లగా త్రిప్పండి. అంచుకు వచ్చేసరికి బొట్టు సన్నబడుతుంది. సూర్యుడూ బంతివంటివాడే. మీ కాగితంపై బింబం నడిమి నుంచి 5.6 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మచ్చ, అసలు వెడల్పులో పదింట ఆరు వంతులే కనిపిస్తుంది. శాస్త్రజ్ఞులు దీనిని సరిచేసి, మనకు కనిపించే సూర్యార్ధగోళంలో ఎన్ని పదిలక్షలవ వంతులో చెబుతారు. ఒక్క వంతే దాదాపు మన భారతదేశమంత! 1947 ఏప్రిల్‌లో కనిపించిన మచ్చల గుంపు 6,132 వంతులు!

కొడైకెనాల్ వేధశాలలో 1904 నుంచి సూర్యుని ఫొటోలు తీస్తున్నారు. అయితే నేలమీద మబ్బులు అడ్డుతగులుతాయి. గాలి కదలికలు మచ్చ అంచులను చెరిపివేస్తాయి. అంతరిక్షంలో ఆ బాధ లేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన నిలిచి సూర్యుని చూస్తున్నది.

మరి పాత ఫొటోలతో పనిలేదా? ఉన్నది! మచ్చలు సుమారు 11 ఏండ్లకొకసారి హెచ్చి తగ్గుతాయి. నూరేండ్ల మార్పు తెలియాలంటే ఆ ఫొటోలే ఆధారం. కాని కొత్త పరికరం చిన్న మచ్చలనూ పట్టుకుంటుంది. రెండు లెక్కలనూ ఊరకే కలిపితే, మచ్చలే పెరిగాయని పొరబడతాము. అందుకే ఒకే రోజున రెండు చోట్ల తీసిన చిత్రాలను పోల్చి సరిచేస్తారు.

ఎందుకింత శ్రమ? పెద్ద మచ్చల నుంచి సౌర తుఫానులు రావచ్చు. అవి ఉపగ్రహాలనూ, విద్యుత్ సరఫరానూ దెబ్బతీయగలవు. 2024 మేలో వచ్చిన తుఫానుకు లడఖ్‌లోని హాన్లేలో రాత్రి ఆకాశం ఎర్రబడింది.

వారం రోజులు ఒకే వేళకు మచ్చను గీయండి. అది రోజురోజుకూ జరుగుతుంది. ఎందుకో చెప్పగలరా? సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడు మరి!