ఇంటి కాపలా కెమెరాకే కాపలా కరువు
మారని సంకేతపదాలతో పొంచి ఉన్న ముప్పు

భవానీపూర్ (కోల్‌కతా): ఇళ్లపై నిఘా భవానీపూర్‌కు కొత్త కాదు. ఎల్గిన్ రోడ్డులోని స్వగృహం నుంచి సుభాస్ చంద్రబోస్ 1941 జనవరిలో బ్రిటిష్ పోలీసుల కళ్లుగప్పి తప్పించుకున్నారు. నాటి నిఘా వీధిలో ఉండేది. నేడు గృహస్థులే సొమ్ము వెచ్చించి కెమెరాలను, సెల్‌ఫోన్‌తో పనిచేసే తాళాలను, కాలింగ్ బెల్లులను ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఇవన్నీ ఇంటర్నెట్‌తో అనుసంధానమైనవి కావడంతో ఇంటిగుట్టు పరులపాలయ్యే ప్రమాదం ఏర్పడింది.

కోల్‌కతాలోని ఒక ఉమ్మడి నివాసంలో సోదరుల మధ్య ఈ కెమెరాలపైనే వివాదం తలెత్తింది. ఇంటిలో ఉంటున్న తోటివారి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపరాదని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది. ఈ తీర్పులో జోక్యానికి సుప్రీంకోర్టు అదే ఏడాది మే నెలలో నిరాకరించింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లోనే ప్రకటించిన విషయం విదితమే.

అయితే కోర్టు తీర్పులు ఇంటివారిని కట్టడి చేయగలవే గాని ఎక్కడో కూర్చుని కెమెరాలోకి చొరబడే అగంతకుణ్ణి ముందుగా ఆపలేవు. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల దృశ్యాలు 2025 ఫిబ్రవరిలో బయటకు పొక్కి సంచలనం కలిగించాయి.

60 సంకేతపదాలతో విధ్వంసం

చాలా పరికరాలకు ఫ్యాక్టరీలోనే ఒకే రకమైన సంకేతపదం అమర్చడం, కొన్నవారు దానిని మార్చకపోవడం ఈ ముప్పుకు ప్రధాన కారణం. 2016లో ‘మిరాయి’ అనే దుష్ట ప్రోగ్రాం సుమారు 60 ఫ్యాక్టరీ సంకేతపదాలను ప్రయోగించి వేలాది కెమెరాలను, రౌటర్లను వశపరచుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న అమెరికాలో పలు ప్రముఖ వెబ్‌సైట్లు స్తంభించడానికి ఇటువంటి పరికరాలే సాధనాలయ్యాయి.

ఈ అనుభవాల దృష్ట్యా ప్రభుత్వాలు మేల్కొన్నాయి. తేలికగా ఊహించగల ఫ్యాక్టరీ సంకేతపదాలను బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి నిషేధించింది. మన దేశంలో టెలికాం ఇంజనీరింగ్ కేంద్రం 2021లో మార్గదర్శకాలు జారీ చేసింది. సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలను కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 9 నుంచి తప్పనిసరి చేసింది. కాగా అంతకు ముందే ఇళ్లలో బిగించిన పాత కెమెరాలకు ఈ పరీక్షల రక్ష లేకపోవడం గమనార్హం.

గృహస్థుల చేతిలోనే రక్ష

కనుక తొలి బాధ్యత గృహస్థులదే. పరికరం బిగించిన రోజునే సంకేతపదం మార్చాలి. బిగించిన మెకానిక్‌కు తెలిసిన సంకేతపదాన్ని కొనసాగించరాదు. రౌటర్ సంకేతపదాన్ని సైతం మార్చాలి. ఫోన్‌కు వచ్చే అంకెలతో రెండవసారి ధ్రువీకరించే సదుపాయం ఉంటే వినియోగించుకోవాలి. తయారీదారు విడుదల చేసే సాఫ్ట్‌వేర్ సవరణలను ఎప్పటికప్పుడు స్వీకరించాలి. సవరణలు నిలిచిపోయిన పరికరాన్ని ఇంటర్నెట్ నుంచి తొలగించడమే శ్రేయస్కరం. పడకగదులలో కెమెరాలు అసలే తగవు. పాత పరికరాన్ని అమ్మేముందు అందులోని సమాచారాన్ని చెరిపివేయాలి.

సైబర్ మోసంలో సొమ్ము పోగొట్టుకున్నవారు 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయవచ్చు. పోయిన సొమ్ము కొంతైనా తిరిగి రావచ్చు గాని బయటపడిన ఇంటి దృశ్యాలను వెనక్కు రప్పించడం దాదాపు అసాధ్యం.