గేమ్ ఆడుతుండగా ల్యాప్‌టాప్ ఆగిపోతోందా? మరమ్మతుకు ఇచ్చే ముందు ఏం పరిశీలించాలి

గేమ్ మొదలుపెట్టిన కాసేపటికే తెర నల్లబడుతుంది. లేదా నీలిరంగు తెరపై ఏదో కోడ్ కనిపించి, ల్యాప్‌టాప్ దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. ఇంటర్నెట్ చూసేటప్పుడు మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు.

గేమింగ్ ల్యాప్‌టాప్‌లను గేమ్‌ల కోసమే కొనడం లేదు. ఇంజినీరింగ్ విద్యార్థులు, వీడియో ఎడిటర్లు, యానిమేషన్ పనిచేసేవారు కూడా వీటిపైనే ఆధారపడుతున్నారు. అందువల్ల ఇలా ఆగిపోయినప్పుడు చదువుకూ, ఉపాధికీ నష్టం కలుగుతుంది. కారణం తేలకుండానే మదర్‌బోర్డు మార్పిస్తే వేల రూపాయలు ఖర్చయినా సమస్య అలాగే మిగిలిపోవచ్చు.

ముందుగా చేయాల్సిన రెండు పనులు

మొదటిది, ముఖ్యమైన ఫైళ్లను ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం. లోపం స్టోరేజ్ డ్రైవ్‌లోనే ఉంటే, మళ్లీ అవకాశం దొరకకపోవచ్చు.

రెండోది, బ్యాటరీని గమనించడం. ల్యాప్‌టాప్ అడుగుభాగం ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా బ్యాటరీ వాచిందని అనుమానించాలి. అప్పుడు ఛార్జింగ్ ఆపి, వాడకం మానేసి, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలి. వాచిన బ్యాటరీని నొక్కినా, పొడిచినా మంటలు రావచ్చు.

ఎలా ఆగిపోతోంది?

ఏ సందేశమూ లేకుండా ఒక్కసారిగా ఆగిపోతే వేడిని లేదా విద్యుత్ సరఫరాను మొదట అనుమానించాలి. నీలిరంగు తెర వస్తే డ్రైవర్ లేదా మెమరీ లోపం కావచ్చు. దానిపై కనిపించే కోడ్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. ఒకే గేమ్ మూతపడుతూ, మిగతావన్నీ బాగా పనిచేస్తుంటే ఆ గేమ్ ఫైళ్లను, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను చూడాలి.

విండోస్ సెర్చ్‌లో ‘రిలయబిలిటీ’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే, ఏ రోజు ఏ లోపం వచ్చింది, ఏ సాఫ్ట్‌వేర్ చేరింది అనే పట్టిక కనిపిస్తుంది. సమస్య మొదలైన తేదీని దానితో పోల్చి చూడవచ్చు. ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ అనే నమోదు కనిపిస్తే, విద్యుత్ భాగమే చెడిపోయిందని చాలామంది అనుకుంటారు. కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

వేడి ఎందుకు పెరుగుతుంది?

ల్యాప్‌టాప్‌లో వాడే చాలా ప్రాసెసర్లకు గరిష్ఠ పరిమితి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆ స్థాయికి చేరగానే ప్రాసెసర్ తన వేగాన్ని తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి అదుపులోకి రాకపోతే, భాగాలు కాలిపోకుండా కాపాడుకోవడానికి యంత్రమే ఆగిపోతుంది.

లోపలి ఫ్యాన్ గదిలోని గాలినే పీల్చుకుని వేడిని బయటకు పంపుతుంది. గది ఎంత వేడెక్కితే లోపలి చిప్ కూడా ఇంచుమించు అంతే అదనంగా వేడెక్కుతుంది. శీతాకాలంలో బాగా నడిచిన ల్యాప్‌టాప్, ఎండలు 40 డిగ్రీలు దాటే మే నెలలో మొరాయించడానికి ఇదొక కారణం. పరుపు మీద పెట్టి ఆడితే గాలి దారులు మూసుకుపోతాయి. దుమ్ము పేరుకున్నా, ప్రాసెసర్‌పై పూసిన థర్మల్ పేస్ట్ ఎండిపోయినా ఇదే జరుగుతుంది.

దీన్ని నిర్ధారించుకోవడం కష్టం కాదు. ల్యాప్‌టాప్‌ను గట్టి బల్లపై, వెనుక భాగం కొద్దిగా ఎత్తుగా ఉండేలా పెట్టి, గేమ్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటును 60కి పరిమితం చేసి ఆడి చూడాలి. ఆగిపోవడం తగ్గితే వేడిపై అనుమానం బలపడినట్లే. అప్పుడు ఫ్యాన్ శుభ్రం చేయించి, థర్మల్ పేస్ట్ మార్పిస్తే సరిపోవచ్చు.

అడాప్టర్ సరైనదేనా?

అడాప్టర్‌పై రాసి ఉన్న వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే దాని సామర్థ్యం తెలుస్తుంది. ఉదాహరణకు 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు అంటే 230 వాట్లు. అంత అవసరమైన ల్యాప్‌టాప్‌కు 65 వాట్ల టైప్-సి ఛార్జర్ పెడితే, మామూలు పనులకు సరిపోయినా గేమ్‌కు సరిపోదు. ఛార్జర్ పెట్టి ఉన్నా, ఆడుతున్నప్పుడు బ్యాటరీ శాతం తగ్గుతూ ఉంటే ఇదే సూచన. అడాప్టర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి కూడా పరీక్షించాలి.

సాఫ్ట్‌వేర్ లోపమూ కావచ్చు

నీలిరంగు తెర వచ్చినంత మాత్రాన యంత్రం చెడిపోయినట్లు కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ విడుదల చేసిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ కంప్యూటర్లలో ఏ విడిభాగమూ పాడవలేదు.

గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మార్చాకే సమస్య మొదలైతే, డివైస్ మేనేజర్‌లోని ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ ద్వారా పాతదానికి తిరిగి వెళ్లవచ్చు. వేగం పెంచేందుకు ఓవర్‌క్లాకింగ్ చేసి ఉంటే దాన్ని తొలగించాలి. ఆ తర్వాత విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌తో ర్యామ్‌ను పరీక్షించాలి. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. నాలుగు మార్పులు కలిపి చేస్తే, దేనివల్ల బాగుపడిందో తెలియదు.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు

వారంటీ ఉంటే ల్యాప్‌టాప్‌ను సొంతంగా విప్పే ముందు నిబంధనలు చదవాలి. ఎన్ని నిమిషాలకు ఆగిపోతోంది, ఏ కోడ్ వచ్చింది, ఇప్పటికే ఏం పరీక్షించారు అనే వివరాలు రాసి ఇవ్వాలి. ఏదైనా భాగం మార్చాలంటే, అందులో ఏ లోపం కనుగొన్నారో కాగితంపై రాసి ఇవ్వమని అడగాలి.

వారంటీ విషయంలో వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. రసీదు, నీలిరంగు తెర ఫొటోలు, సర్వీస్ సెంటర్ ఇచ్చిన పత్రాలు దగ్గర ఉంచుకుంటే అప్పుడు అవి ఉపయోగపడతాయి.