కనబడని గద్దలకు లెక్క ఎలా?

పులికి చారలున్నాయి. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు కనుక అడవిలో కెమెరాలు పెట్టి ఒక్కోదాన్నీ గుర్తుపట్టి లెక్క తేలుస్తారు. ఫిలిప్పీన్ గద్దకు ఆ వీలు లేదు. మీటరు పొడవు, రెండు మీటర్ల రెక్కల చాపు ఉన్న పక్షే అయినా, అది దట్టమైన కొండ అడవిలో ఎత్తైన చెట్ల గుబురులో దాగి ఉంటుంది. లుజాన్, సమార్, లేతే, మిండనావ్ అనే నాలుగు ద్వీపాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. జత రెండేళ్లకోసారి ఒక్క గుడ్డు పెడుతుంది. పిల్ల ఏడాదికి పైగా తల్లిదండ్రులనే అంటిపెట్టుకుని ఉంటుంది. ఇలాంటి జాతిలో ఒక ఎదిగిన గద్ద తూటాకు పోతే ఆ లోటు పూడడానికి ఏళ్లు పడుతుంది.

మరి ఎన్ని మిగిలాయో తెలిసేదెలా? పక్షుల్ని వదిలి నేలను కొలుస్తారు. ఒక జతకు ఎంత అడవి కావాలి, అలాంటి అడవి మొత్తం ఎంత ఉంది అన్న రెండూ తెలిస్తే మిగిలింది భాగహారమే.

2003లో వెలువడిన అధ్యయనంలో మిండనావ్‌లోని 13 గూళ్ల మధ్య దూరాలు కొలిచారు. ఒక గూటికీ దాని పొరుగు గూటికీ సగటున 13 కిలోమీటర్లకు కాస్త తక్కువ ఉంది. అందులో సగాన్ని వ్యాసార్ధంగా తీసుకుని వృత్తం గీస్తే జతకు దాదాపు 127 చదరపు కిలోమీటర్లు. ఆ ద్వీపంలో 82 నుంచి 233 జతలు ఉండవచ్చని తేల్చారు. ఇంత ఎడమేమిటని చదువరి అడగడం న్యాయమే. ఏది గద్దకు పనికొచ్చే అడవి, ఏది కాదు అన్న గీత కాస్త జరిగినా, జతకు పడే మేర కాస్త మారినా ఫలితం ఇట్టే మారిపోతుంది.

2023లో మరో బృందం ఈ రెండు కొలతలకూ పదును పెట్టింది. గద్దలు కనబడిన చోట్లను ఉపగ్రహాలు చూపే అడవి తీరుతో పోల్చి, అవి ఎలాంటి చోట్లను ఎంచుకుంటాయో కంప్యూటర్ నమూనాతో పట్టుకున్నారు. నాలుగు ద్వీపాల్లో కలిపి అలాంటి ఆవాసం 28,624 చదరపు కిలోమీటర్లని తేలింది. ఫిలిప్పీన్స్ విస్తీర్ణంలో పదో వంతుకు తక్కువ. ట్రాన్స్‌మిటర్లు తగిలించిన ఆరు ఎదిగిన గద్దలు ఎంత మేర తిరుగుతున్నాయో చూసి, 392 జతలు ఉండవచ్చన్నారు. అంటే జతకు సుమారు 73 చదరపు కిలోమీటర్లు, విజయవాడ నగరం కంటే ఎక్కువ. ఇంకా జతకట్టని పిల్లలు ఈ లెక్కలోకి రావు.

పత్రికలు 392నే పట్టుకుంటాయి. నా దృష్టిలో ఆ అధ్యయనం దాని పక్కనే ఇచ్చిన 318, 447 అన్న హద్దులే ముఖ్యం. భాగహారం చేసే అంకె ఆరు పక్షుల నుంచి వచ్చిందని మరవకూడదు.

ఇంకొక చిక్కుంది. విడివిడిగా పడి ఉన్న పది చదరపు కిలోమీటర్ల అడవి ముక్కలు పది కలిపితే కాగితం మీద వంద అవుతాయి. వాటిలో ఒక్క జత కూడా బతకలేకపోవచ్చు. అడవి ఉన్నంత మాత్రాన గద్ద ఉన్నట్టు కాదనడానికి లేతే ద్వీపమే సాక్ష్యం. 2013లో హైయాన్ తుఫాను విరుచుకుపడ్డాక అక్కడ గద్దలు కనబడలేదు. 2024 జూన్‌లో మిండనావ్ నుంచి రెండింటిని తెచ్చి వదిలారు. వాటిలో ఒకటి కొద్ది వారాలకే సముద్రంలో చనిపోయి దొరికింది.

కాబట్టి ఈ పద్ధతి చెప్పేది ఎన్ని గద్దలకు చోటుందో. ఎన్ని ఉన్నాయో తేల్చాలంటే మనుషులు కొండలెక్కి గూళ్లు వెతకాల్సిందే. ఆవాసంలో దాదాపు మూడింట రెండు వంతులు రక్షిత ప్రాంతాల బయటే ఉంది. ఆ వెతుకులాట మొదలుపెట్టాల్సింది అక్కడే.